ఎక్స్‌ఛేంజ్ విద్యార్థి చేసే సేవ: ఏది వాలంటీరు పని, ఏది ఉద్యోగం, ఏది వట్టి గంటల లెక్క

అమెరికాలో ఒక విద్యా సంవత్సరం పాటు ఒక కుటుంబంతో ఉండి, అక్కడి హైస్కూలులో చదువుకుని రావడానికి ఎంపికైన పిల్లలకు బయలుదేరే ముందే రెండు మాటలు చెబుతారు. ఉద్యోగం చేయకూడదు, సమాజ సేవ చేయాలి. వినడానికి రెండూ తేలికగానే ఉంటాయి. చిక్కులు అక్కడికి వెళ్లాకే మొదలవుతాయి. శనివారం పొద్దున ఫుడ్ ప్యాంట్రీలో, అంటే అవసరమైనవారికి ఉచితంగా ఆహారం ఇచ్చే చోట, డబ్బాలు సర్దితే సేవ అన్నారు. అదే సాయంత్రం తెలిసినవాళ్ల దుకాణంలో ఒక్క పైసా తీసుకోకుండా డబ్బాలు సర్దితే తప్పెందుకు? పక్కింటి పాపను రెండు గంటలు చూసుకున్నందుకు వాళ్లిచ్చిన డబ్బు తీసుకోవచ్చా? స్కూలు అడిగే గంటలు, ఎక్స్‌ఛేంజ్ సంస్థ అడిగే గంటలు ఒకటేనా? ఇక్కడున్న తల్లిదండ్రుల సందేహం వేరు. చదువుకోమని పంపితే అక్కడ నేల తుడిపిస్తున్నారేమిటని వాళ్ల బాధ.

వీటన్నిటికీ ఒకే జవాబు ఉంటుందనుకోవడం వల్లే తికమక. వీసా చట్టం అడిగేది ఒకటి, స్కూలు అడిగేది ఒకటి, ఆ ఊరు ఆశించేది మరొకటి. వీటిని విడివిడిగా చూస్తే చాలావరకు స్పష్టత వస్తుంది.

డబ్బు తీసుకోకపోతే చాలా?

హైస్కూలు ఎక్స్‌ఛేంజ్ విద్యార్థులు ఎక్కువగా వెళ్లేది జే-1 వీసా మీద. దేశాల మధ్య విద్యా, సాంస్కృతిక సంబంధాలు పెంచడానికి అమెరికా 1961లో చేసిన ఫుల్‌బ్రైట్-హేస్ చట్టం దీనికి ఆధారం. విద్యార్థి అక్కడ ఉండేది ఒక స్పాన్సరు సంస్థ, అంటే తనను తీసుకెళ్లిన ఎక్స్‌ఛేంజ్ సంస్థ, బాధ్యత కింద. ఆ సంస్థ తరఫున ఒక స్థానిక సమన్వయకర్త విద్యార్థికి అందుబాటులో ఉండాలి. విద్యార్థి ఉండే ఇల్లు ఆ సమన్వయకర్తకు 120 మైళ్లలోపే ఉండాలనీ, నెలకు ఒకసారైనా విద్యార్థితో మాట్లాడాలనీ నిబంధనలున్నాయి. ఈ సమన్వయకర్తను చాలామంది పిల్లలు ఏదైనా గొడవ వచ్చినప్పుడే తలుచుకుంటారు. సేవ మొదలుపెట్టే ముందు మొదట అడగవలసింది ఆ మనిషినే.

ఉద్యోగం గురించి నియమం సూటిగానే ఉంది. పూర్తికాలమైనా, పాక్షికమైనా ఉద్యోగం కుదరదు. అప్పుడప్పుడు పిల్లలను చూసుకోవడం, ఎవరి పెరట్లోనో గడ్డి కోయడం వంటి చిల్లర పనులకు మాత్రం డబ్బు తీసుకోవచ్చు. కాబట్టి పక్కింటి పాపను ఒక సాయంత్రం చూసుకున్నందుకు ఇచ్చిన డబ్బు నిబంధనకు విరుద్ధం కాదు. అయితే అది సేవ కూడా కాదు. దాన్ని సేవ గంటల్లో రాసుకోకూడదు.

అసలు మెలిక డబ్బు లేని పని దగ్గర ఉంది. జీతం లేదు కాబట్టి ఉద్యోగం కాదని మనం అనుకుంటాం. అమెరికా కార్మిక చట్టం అలా చూడదు. 1938 నాటి న్యాయమైన కార్మిక ప్రమాణాల చట్టం ప్రకారం లాభం కోసం నడిచే వ్యాపారంలో వాలంటీరు అనే మాటే చెల్లదు. అక్కడ ఎవరు పని చేసినా వాళ్లకు జీతం రావాలి. ప్రతిఫలం ఆశించకుండా, ప్రజాసేవ, మత సేవ లేదా దాతృత్వం కోసం తమంతట తాము చేసేదే వాలంటీరు పని. తెలిసినవాళ్ల దుకాణంలోనో మోటల్‌లోనో ‘ఊరికే సాయం’ చేయడం తప్పెందుకో ఇప్పుడు తెలుస్తుంది. ఆ పనికి వాళ్లు మామూలుగా ఒక మనిషిని పెట్టుకోవాలి. విద్యార్థి ఉచితంగా చేస్తే ఆ మనిషి జీతం మిగిలేది యజమానికే. దూరపు బంధువులు ఎవరైనా ప్రేమగానే పిలవవచ్చు. అయినా వద్దని చెప్పాలి. ఇలాంటి సంగతి బయటపడితే స్పాన్సరు సంస్థ ఆ విద్యార్థి కార్యక్రమాన్ని అక్కడితో ముగించి వెనక్కి పంపే అవకాశం ఉంటుంది.

లాభాపేక్ష లేని సంస్థల్లోనూ ఒక మెలిక ఉంది. ఆ సంస్థే నడిపే బహుమతుల దుకాణం వంటి వ్యాపార విభాగంలో వాలంటీర్లుగా పని చేయడం సాధారణంగా కుదరదని కార్మిక శాఖ వివరణ. వృద్ధాశ్రమాల్లో కొన్ని సేవా సంస్థలవి, కొన్ని కంపెనీలవి. బయటి నుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. అందుకే పేరు చూసి కాకుండా ఆ సంస్థ ఏ రకానిదో, తనకు అప్పగించేది జీతగాడి స్థానంలో చేసే పనా కాదా అనేది చూసుకోవాలి. మధ్యాహ్నం పెట్టిన భోజనం, ఇచ్చిన టీషర్టు గురించి బెంగపడనక్కరలేదు. నెలనెలా ఇంతని గిఫ్ట్ కార్డులు ఇస్తామంటే మాత్రం అది జీతానికి మారుపేరే. సందేహం ఉన్నచోట సమన్వయకర్తకు ఈమెయిల్ రాసి, జవాబు వచ్చాకే మొదలుపెట్టడం మంచిది. నోటిమాటగా అడిగినది రేపు ఎవరికీ గుర్తుండదు.

అసలు సేవ ఎందుకు అడుగుతారు

ఈ ప్రశ్నకు జవాబు విద్యార్థి ఉండే ఇంట్లోనే ఉంది. జే-1 హైస్కూలు కార్యక్రమంలో విద్యార్థిని ఇంట్లో పెట్టుకున్న కుటుంబానికి డబ్బు ఇవ్వరు. గది, భోజనం, కారులో తిప్పడం, జ్వరం వస్తే పక్కన కూర్చోవడం, ఇవన్నీ వాళ్లు స్వచ్ఛందంగా చేసేవే. కొన్ని షరతులకు లోబడి ఆదాయపు పన్ను లెక్కలో నెలకు 50 డాలర్ల వరకు మినహాయింపు చూపించుకునే వీలుంది, అంతే. ఒక టీనేజి పిల్లవాడు పెద్ద గ్లాసు పాలు తాగే ఇంట్లో ఆ 50 డాలర్లు ఎంతకాలం వస్తాయో ఏ తల్లినడిగినా చెబుతుంది. అంటే మన పిల్లలు అక్కడ అడుగుపెట్టిన క్షణం నుంచీ బతికేది ఎవరో చేస్తున్న సేవ మీద. ఈ సంగతి తల్లిదండ్రులకు బోధపడితే ‘మా వాడితో పని చేయిస్తున్నారు’ అనే బాధ సగం పోతుంది.

ఎక్స్‌ఛేంజ్ కార్యక్రమాల పుట్టుకలోనే సేవ ఉంది. విద్యార్థుల ఎక్స్‌ఛేంజ్‌లో ప్రపంచంలో పేరున్న ఏఎఫ్‌ఎస్ సంస్థ 1915లో, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, ఫ్రాన్సులో గాయపడిన సైనికులను చేరవేసిన అమెరికన్ స్వచ్ఛంద అంబులెన్సు డ్రైవర్ల బృందంగా మొదలైంది. రెండు యుద్ధాలు చూసిన ఆ డ్రైవర్లు, ఒక దేశపు పిల్లలు ఇంకో దేశపు ఇళ్లలో కొన్నాళ్లు ఉంటే మేలని తలచి 1947లో 10 దేశాల నుంచి 52 మంది విద్యార్థులను అమెరికాకు రప్పించారు. అంబులెన్సు తోలిన చేతులే హైస్కూలు ఎక్స్‌ఛేంజ్‌ను నిలబెట్టాయన్నమాట. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత, 2002లో అమెరికా ప్రభుత్వం కెనెడీ-లూగర్ యూత్ ఎక్స్‌ఛేంజ్ అండ్ స్టడీ పథకాన్ని పెట్టింది. సెనేటర్లు ఎడ్వర్డ్ కెనెడీ, రిచర్డ్ లూగర్ పేర్ల మీద వచ్చిన ఈ పథకంలో ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న దేశాల విద్యార్థుల ఖర్చును ప్రభుత్వమే భరిస్తుంది. మన దేశం నుంచీ విద్యార్థులు దీని కింద వెళ్లారు. ఇలాంటి పథకాల్లో సేవ ఐచ్ఛికం కాదు, కార్యక్రమంలో భాగం.

ఊరి వైపు నుంచి చూసినా అంతే. ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1736లో ఇరుగుపొరుగును కూడగట్టి స్వచ్ఛంద అగ్నిమాపక దళం పెట్టాడు. నేటికీ అమెరికాలో మంటలార్పేవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది జీతం లేని వాలంటీర్లే. చిన్న ఊళ్లలో గ్రంథాలయం, బేస్‌బాల్ జట్టు, పండుగ ఊరేగింపు, అన్నీ ఎవరో ఒకరు సాయంత్రాలు వెచ్చిస్తేనే నడుస్తాయి. అక్కడ ఒక మనిషి ఊరివాడు అనిపించుకునేది ఇలాంటి పనుల్లోనే. ఎక్స్‌ఛేంజ్ విద్యార్థి స్కూల్లో కొన్ని వారాలు వింత, తర్వాత పాత వార్త. ఇంట్లో ఎంత ప్రేమగా చూసినా అతిథి. సేవ చేసే చోట మాత్రం ‘ఈ పని నువ్వు చూసుకో’ అని చెబుతారు. ఆ రోజు రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు. పదహారేళ్ల పిల్లకు పరాయి దేశంలో ఆ అడగడం ఎంత ధైర్యమిస్తుందో మాటల్లో చెప్పలేను. ఈ వ్యాసం రాయడానికి కారణమూ అదే. సేవను వీసా షరతుగానో కాలేజీ దరఖాస్తుకు అలంకారంగానో చూసే పిల్లలు, అక్కడ తమ కోసం ఉన్న అన్నిటికన్నా విలువైన చోటును చూడకుండానే తిరిగి వస్తున్నారు.

గంటల కాగితం

అమెరికాలో కొన్నిచోట్ల హైస్కూలు పూర్తి కావాలంటే సేవ గంటలు తప్పనిసరి. మేరీల్యాండ్ రాష్ట్రంలో 75 గంటలు, వాషింగ్టన్ డీసీలో 100 గంటలు. చాలా రాష్ట్రాలు ఇలాంటి నియమం పెట్టకుండా స్థానిక విద్యా మండళ్లకే వదిలేశాయి. ఈ లెక్క డిప్లొమా, అంటే హైస్కూలు పూర్తి చేసినట్టు ఇచ్చే పట్టా, తీసుకునే విద్యార్థులకు సంబంధించినది. ఎక్స్‌ఛేంజ్ విద్యార్థి సాధారణంగా అక్కడ డిప్లొమా తీసుకోడు కాబట్టి ఇది అతనికి వర్తించకపోవచ్చు. స్కూలు కౌన్సెలర్‌ను ఒక్క మాట అడిగితే తేలిపోతుంది. ఎక్స్‌ఛేంజ్ సంస్థ అడిగే గంటలు, నివేదికలు వేరు. కీ క్లబ్, రోటరీ ఇంటరాక్ట్ వంటి స్కూలు క్లబ్బులు తమ సభ్యులకు పెట్టే లెక్క ఇంకొకటి. 1925లో కాలిఫోర్నియాలో పుట్టిన కీ క్లబ్, 1962లో మొదలైన ఇంటరాక్ట్, రెండూ సేవ కోసమే ఉన్నవి. కొత్తగా వెళ్లినవాళ్లకు ఇవి మంచి ద్వారాలు. పని వాళ్లే చూపిస్తారు, తోటి పిల్లలుంటారు, చాలాసార్లు బండి కూడా వాళ్లదే.

ఏది గంటల్లోకి వస్తుందన్నది పెట్టినవాళ్లను బట్టి మారుతుంది గానీ కొన్ని సంగతులు దాదాపు అంతటా ఒకటే. ఉంటున్న ఇంట్లో గిన్నెలు కడగడం కుటుంబ సభ్యుడి బాధ్యత, సేవ కాదు. చర్చిలోనో గుడిలోనో ప్రార్థనకు కూర్చోవడం లెక్కలోకి రాదు. అదే చర్చి నేలమాళిగలో ఆకలిగొన్నవారికి భోజనం వడ్డిస్తే వస్తుంది. అమెరికాలో చాలా ఫుడ్ ప్యాంట్రీలు నడిపేది చర్చిలే. మతం మారుస్తారేమో అని మన ఇళ్లలో భయపడతారు. అన్నం పెట్టే చోట పని చేయడానికి ఆ మతంలో చేరనక్కరలేదు. ఇబ్బందిగా అనిపిస్తే ప్రార్థన సమయంలో పక్కకు వెళ్లవచ్చు.

రెండు గంటలు చేసి నాలుగు రాయించుకునే పిల్లలు అన్ని దేశాల్లోనూ ఉంటారు. సంతకం పెట్టే పెద్దావిడకు తెలియదని కాదు. ఆమె ఏమీ అనదు, మరుసటి వారం పిలవదు. కాలేజీ దరఖాస్తుల కోసమైనా సరే, పది చోట్ల పది రోజులు తిరిగి తెచ్చిన పెద్ద అంకె కన్నా, ఒకే చోట ఏడాది పొడవునా చేసిన పని గురించి రాయగల విద్యార్థి దగ్గర చెప్పుకోవడానికి నిజంగా ఏదో ఉంటుంది.

ఆ పని లోపల

ఫుడ్ ప్యాంట్రీ గురించే కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే చాలామంది పిల్లలు మొదట వెళ్లేది అక్కడికే. ఫుడ్ బ్యాంకు అంటే పెద్ద గోదాము. ప్యాంట్రీ అంటే అక్కడి నుంచి సరుకు తెచ్చుకుని ఊళ్లో జనానికి ఇచ్చే చోటు. 1967లో అరిజోనాలోని ఫీనిక్స్ నగరంలో జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన, దుకాణాలు పారేస్తున్న మంచి ఆహారాన్ని ఒకచోట చేర్చి అవసరమైనవారికి పంచే పద్ధతి మొదలుపెట్టాడు. ప్రపంచంలో మొదటి ఫుడ్ బ్యాంకుగా దాన్నే చెబుతారు. నేడు అమెరికా అంతటా ఇవి ఉన్నాయి. అంత సంపన్న దేశంలో కారులో వచ్చి బియ్యం, పప్పు డబ్బాలు తీసుకెళ్లే కుటుంబాలుంటాయని మన పిల్లలు ఊహించరు. అమెరికా గురించి వాళ్లు నేర్చుకునే మొదటి నిజమైన పాఠం చాలాసార్లు ఈ వరుస దగ్గరే మొదలవుతుంది.

పని చిన్నదే, కానీ నేర్పు కావాలి. డబ్బా అంచు దగ్గర లోతుగా నొక్కుకుపోయి ఉంటే తీసేయాలి, ఉబ్బితే తీసేయాలి. లోపల ప్రాణాంతకమైన విషం పుట్టి ఉండవచ్చు. మీద వేసిన తేదీ దాటిందని ప్రతిదీ పారేయకూడదు. అమెరికా కేంద్ర చట్టం తేదీ తప్పనిసరి చేసింది పసిపిల్లల పాలపొడికి మాత్రమే. మిగతా వాటి మీద ఉండే తేదీ చాలావరకు రుచి, నాణ్యత గురించి తయారీదారు చెప్పే అంచనా. అందుకే తేదీ దాటిన పాలపొడిని పక్కన పడేసి, తేదీ దాటిన బీన్స్ డబ్బాను అరలో పెట్టమంటారు. ఇది వినగానే పిల్లలు కంగారు పడతారు, పేదలకు పాతవి అంటగడుతున్నారనుకుంటారు. అడిగితే అక్కడున్నవాళ్లు ఓపికగా చెబుతారు. అడగాలి. మాంసం డబ్బాలు ముట్టుకోలేని పిల్లలు ఆ సంగతి మొదటి రోజే చెబితే వేరే పని ఇస్తారు, ఎవరూ చిన్నచూపు చూడరు.

అన్నిటికన్నా కష్టమైన సందర్భం వేరే ఉంది. వరుసలో నిలబడ్డవాళ్లలో తన క్లాసులో పక్క బల్ల మీద కూర్చునే అబ్బాయి వాళ్ల అమ్మతో కనిపించవచ్చు. ఆ క్షణంలో ఏం చేయాలో ఏ కరపత్రంలోనూ ఉండదు. మామూలుగా పలకరించి, మామూలుగా సంచి అందించాలి. సోమవారం స్కూల్లో ఆ మాట ఎత్తకూడదు, ఇంట్లో భోజనం దగ్గరా చెప్పకూడదు. అలాగే పక్కన నిలబడి పెట్టెలు మోసే పెద్దాయన కోర్టు విధించిన శిక్షలో భాగంగా గంటలు పూర్తి చేయడానికి వచ్చి ఉండవచ్చు. అతన్నీ ఎందుకు వచ్చావని అడగకూడదు.

మన పిల్లలకు అక్కడ ఎదురయ్యే ఇబ్బంది ఇంకొకటి ఉంది. పెద్దవాళ్లు చెప్పేదాకా ఆగడం మన ఇళ్లలో మర్యాద. అక్కడ చేతులు కట్టుకుని నిలబడినవాడిని ఆసక్తి లేనివాడిగా చూస్తారు. పని అయిపోగానే తర్వాత ఏమిటని తానే వెళ్లి అడగాలి. అరవై ఏళ్ల ఆవిడ తనను పేరు పెట్టి పిలవమంటే నోరు రాదు. అలవాటు చేసుకోవాలి, అందులో అగౌరవం లేదు. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. మన మధ్యతరగతి ఇళ్లలో నేల తుడిచేదీ, బాత్రూము కడిగేదీ వేరే ఎవరో. ఆ పని మన పిల్లల చేతికి, ముఖ్యంగా అబ్బాయిల చేతికి, మొదటిసారి అక్కడే వస్తుంది. అక్కడ డాక్టరూ, రిటైరైన టీచరూ పక్కనే నిలబడి అదే గుడ్డతో తుడుస్తుంటారు. దాన్ని అవమానంగా తీసుకునే తల్లిదండ్రులు ఒకసారి ఆలోచించాలి, ఇన్నాళ్లూ ఆ గుడ్డ ఎవరి చేతిలో ఉందో, ఆ చేతిని మనం ఎలా చూశామో.

మిగతా చోట్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇళ్లు కట్టే హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ వంటి సంస్థలు నిర్మాణ స్థలంలోకి సాధారణంగా 16 ఏళ్లు నిండినవాళ్లనే రానిస్తాయి. 18 లోపు వాళ్లకు కరెంటు పనిముట్లు ఇవ్వరు, పైకప్పు ఎక్కనివ్వరు. ఆసుపత్రుల్లో వాలంటీరు కావాలంటే క్షయ పరీక్ష, టీకాల కాగితాలు, శిక్షణ, రోగుల సమాచారం బయటపెట్టనని ఒప్పందం, ఇన్ని ఉంటాయి. ఆ ఒప్పందం, రోగుల సమాచార గోప్యతను కాపాడే 1996 నాటి హిపా చట్టం వల్ల వచ్చిన కట్టుబాటు. ఆగస్టులో దరఖాస్తు పెడితేనే చలికాలానికి పని మొదలవుతుంది కాబట్టి ఆ ఆశ ఉన్నవాళ్లు టీకాల రికార్డు ఇక్కడి నుంచే తీసుకెళ్లాలి. ఏటా నవంబరులో జరిగే అంతర్జాతీయ విద్యా వారంలో చిన్న తరగతుల పిల్లలకు మన దేశం గురించి చెప్పడం చాలామంది చేస్తారు. జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ దినం. 1994 చట్టంతో దాన్ని జాతీయ సేవా దినంగానూ చేశారు. ఏ ఊళ్లోనైనా ఆ రోజు ఏదో ఒక పని దొరుకుతుంది, కానీ ఆ ఒక్క రోజుతో ఆపితే ఎవరికీ పేరు కూడా గుర్తుండదు.

ఇక రవాణా. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ పిల్లలు సేవ మానేసేది ఎక్కువగా దీనివల్లే. ఎక్స్‌ఛేంజ్ సంస్థలు సాధారణంగా విద్యార్థులను కారు నడపనివ్వవు. చిన్న ఊళ్లలో బస్సులుండవు. వారం వారం ఎవరో తీసుకెళ్లాలి. అందుకే నడిచి వెళ్లగలిగే చోటో, స్కూలులోనే జరిగే పనో, ఇంటివాళ్లు ముందు నుంచే వెళ్తున్న చోటో ఎంచుకోవడం తెలివైన పని. మూడోదే నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. కారులో పోతూ వస్తూ జరిగే మాటల్లోనే ఆ ఇంటివాళ్లు ఏమిటో తెలుస్తుంది.

భద్రత గురించి మొహమాటం వద్దు. జే-1 విద్యార్థికి ఒక్కో ప్రమాదానికి లేదా జబ్బుకు కనీసం లక్ష డాలర్ల వైద్య బీమా ఉండాలనేది నిబంధన. ఆ కార్డు జేబులో ఉండాలి. చాలాచోట్ల బాధ్యతా పత్రం మీద తల్లిదండ్రుల సంతకం అడుగుతారు, చదివి పెట్టాలి. మూసిన గదిలో ఒక్క పెద్ద మనిషితో ఒంటరిగా ఉండే పని ఎవరు ఇచ్చినా ఒప్పుకోకూడదు. ఏదైనా తేడాగా అనిపిస్తే ఆ రోజే సమన్వయకర్తకు చెప్పాలి, స్పాన్సరు సంస్థ అత్యవసర నంబరు ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి.

ప్రభుత్వ నిధులతో వెళ్లిన జే-1 విద్యార్థులు తిరిగి వచ్చాక రెండేళ్లు స్వదేశంలో గడిపితే తప్ప అక్కడ స్థిరనివాసం వంటి కొన్ని హోదాలకు అర్హులు కారు. నేర్చుకున్నది ఇంటికి తీసుకెళ్లాలన్నది దాని వెనక ఉద్దేశం. మే నెల వచ్చేసరికి పిల్లలు వీడ్కోలు విందుల హడావిడిలో పడి పని చేసిన చోట చెప్పకుండానే వచ్చేస్తుంటారు. చివరి శనివారం ఏదో కనీసం మూడు వారాల ముందే చెప్పాలి, ఆ షిఫ్టుకు ఇంకొకరిని వెతుక్కోవాలి కదా. వీలైతే ఆ కొత్త మనిషికి ఒక రోజు పక్కనుండి పని చూపించి రావాలి. సిఫారసు లేఖ అడగడం మరచిపోవద్దు, ఊళ్లో ఉండగానే అడగండి. అందులో ఎన్ని గంటలు చేశారన్నది ఒక వాక్యం చాలు. ఏ పని అప్పగిస్తే ఎలా చేశారో రాయమని అడగండి.